గుట్ట ఎక్కేటప్పుడు సైకిల్ హ్యాండిల్ ఊగిపోతోంది, ఫ్రేమ్ జామెట్రీ తేడానా?

మొరం_బాట:
నాలుగు గంటలుగా జామెట్రీ (ఫ్రేమ్ కోణాలు, కొలతలు) చార్టులు చూస్తున్నా, తల తిరుగుతోంది. అనంతగిరి వైపు మొరం దారిలో ఎక్కేటప్పుడు నా గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల సైకిల్) ముందు చక్రం పాములా అటూ ఇటూ పోతోంది. హ్యాండిల్ కొంచెం తిప్పితే చాలు, తనే ఇంకా పక్కకి పడిపోతోంది. దిగేటప్పుడు మాత్రం కుదురుగానే ఉంటుంది. హెడ్ యాంగిల్ (స్టీరింగ్ గొట్టం వాలు) 71 డిగ్రీలు, ఫోర్క్ ఆఫ్‌సెట్ (స్టీరింగ్ గీత కన్నా ముందు చక్రం ఇరుసు ఎంత ముందుందో) 45 మి.మీ., బీబీ డ్రాప్ (పెడల్ ఇరుసు, అంటే బీబీ, చక్రాల ఇరుసుల కన్నా ఎంత కిందుందో) 75. రోడ్ బైక్‌తో ఈ గోల లేదు. ఫ్రేమ్ అమ్మేయాలా?

గేర్_వైర్:
టైరు ఎంత? గాలి ఎంత? స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) ఎంత పొడవు?

లెక్కల_మాస్టారు:
అమ్మకండి, ఆ అంకెల్లో తప్పేం లేదు. 700×40 టైరు అనుకుంటే చక్రం వ్యాసార్ధం 351 మి.మీ., ట్రెయిల్ 73 దాకా వస్తుంది. రోడ్ బైక్‌కి 72.5 డిగ్రీలు, అదే 45 ఆఫ్‌సెట్, 28 టైరు పెట్టి లెక్క వేసి చూడండి, 60 దగ్గర ఆగిపోతుంది. స్టీరింగ్ గీతను కిందికి పొడిగిస్తే నేలను తాకే చోటికీ, టైరు నేలను తాకే చోటికీ మధ్య దూరమే ట్రెయిల్. అది ఎక్కువైతే వేగంలో చక్రం తిన్నగా పోతుంది. మీరు దిగేటప్పుడు చూస్తున్న కుదురు అదే.
దాని వెంటే ఫ్లాప్ కూడా పెరుగుతుంది. హ్యాండిల్ తిప్పగానే బైక్ ముందు భాగం కాస్త కిందికి దిగుతుంది, పైనున్న బరువు దాన్ని ఇంకా తిప్పేస్తుంది. మీ బైక్‌కి ఫ్లాప్ 22-23 మి.మీ., ఆ రోడ్ బైక్‌కి 17. వేగం గంటకి 7-8 కి.మీ.కి పడిపోయాక చక్రాన్ని తిన్నగా నిలిపే బలం పోతుంది, ఫ్లాప్ మాత్రం పోదు. కొంత ఊగుడు భరించాల్సిందే. కానీ మీరు చెప్పినంత ఉండకూడదు.

బుల్లెట్_బాబు:
దాన్ని హెడ్ యాంగిల్ అనరు సార్, రేక్ అంటారు. 90లోంచి 71 తీస్తే 19 డిగ్రీల రేక్.

లెక్కల_మాస్టారు:
అది మోటార్ సైకిల్ వాళ్ల మాట. సైకిల్లో రేక్ అంటే ఫోర్క్ ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో చెప్తారు. కలిపేస్తే ఆయన 45ని డిగ్రీలనుకుని చాపర్ (ఫోర్క్ బాగా ముందుకు చాచిన మోటార్ సైకిల్) తయారుచేసుకుంటారు.

బుల్లెట్_బాబు:
రెండు చక్రాలకీ ఒకటే సూత్రం. ఒకటే పేరు ఉండాలి.

లావు_టైరు:
ఈ తలనొప్పులన్నీ వదిలేసి 650బి (కొంచెం చిన్న సైజు) చక్రాలు, 47 టైరు వేయండి అన్నా. ట్రెయిల్ దానంతటదే తగ్గుతుంది, కంకర మీద సోఫాలా ఉంటుంది.

లెక్కల_మాస్టారు:
తగ్గేది 4 మి.మీ. అందుకోసం బీబీ 12 మి.మీ. కిందికి వస్తుంది: వ్యాసార్ధం 292+47, అంటే 339. నేల నుంచి 276 ఉన్నది 264 అవుతుంది. 75 డ్రాప్ ఉన్న ఫ్రేమ్‌లో మలుపులో పెడల్ రాయికి తగులుతుంది. టైరు మెత్తదనం వేరు, స్టీరింగ్ వేరు.

మొరం_బాట:
టైరు 40, ట్యూబ్‌తోనే. గాలి 60 పీఎస్ఐ. స్టెమ్ 80 మి.మీ. ఉండేది, చేతులు అందడం లేదని 50 వేశాను. హ్యాండిల్‌కి బ్యాగ్ ఉంది, రెండు లీటర్ల నీళ్లు, పంపు, తాళం. ఇవన్నీ రాయాలా? నేను అడిగింది జామెట్రీ గురించి కదా.

గేర్_వైర్:
రాయాలి.

లెక్కల_మాస్టారు:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ముందు బ్యాగ్ తీసేయండి. హ్యాండిల్‌కి కట్టిన బరువు దానితో పాటే తిరుగుతుంది, ఫ్లాప్‌కి తోడవుతుంది. నీళ్లు ఫ్రేమ్ మధ్యకి మార్చండి.
తర్వాత స్టెమ్. 30 మి.మీ. తగ్గించేసరికి ఒంటి బరువు వెనక్కి జరిగింది. వాలు మీద కూర్చుని తొక్కితే అసలే ముందు చక్రం తేలిపోతుంది, ఇప్పుడు ఇంకా తేలిక. పైగా పొట్టి స్టెమ్‌తో చేయి కాస్త కదిలినా చక్రం ఎక్కువ తిరుగుతుంది. 70 వేయండి. అందకపోతే రీచ్ (ముందుకు చాచిన పొడవు) తక్కువున్న హ్యాండిల్‌బార్ (70 మి.మీ.ది దొరుకుతుంది) చూడండి, లేదా స్టెమ్ కింద 10 మి.మీ. స్పేసర్ (రింగు) వేయండి.
కొత్త స్టెమ్ బిగించినప్పుడు హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగులు) చూశారా? స్టెమ్ ఎత్తు పాతదానికన్నా తక్కువైతే ఫోర్క్ గొట్టం పైకి వచ్చి పై మూతకి తగులుతుంది, బోల్టు ఎంత తిప్పినా బేరింగ్ బిగుసుకోదు. గొట్టం 2-3 మి.మీ. లోపలికి ఉండాలి, లేకపోతే పైన సన్న స్పేసర్ పెట్టండి. ముందు బ్రేక్ పట్టుకుని బైక్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ మంటే లూజు. సరిచేసేటప్పుడు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేశాకే పై బోల్టు తిప్పాలి. చాలామంది తడబడేది ఇక్కడే. చివర్లో పక్కవి స్టెమ్ మీద రాసిన టార్క్ (బిగింపు కొలత) దాకా బిగించాలి, సాధారణంగా 5 ఎన్ఎమ్ (న్యూటన్ మీటర్లు). ఇంకోటి: ముందు చక్రం పైకెత్తి పక్కకి వాల్చితే హ్యాండిల్ సాఫీగా పడాలి. మధ్యలో పట్టేస్తే బేరింగ్ గుంటలు పడినట్టు.

లావు_టైరు:
60 గాలి ఏంటి అన్నా, రాయి మీద రాయి! 75 కిలోల మనిషికి ఆ టైరులో ట్యూబ్‌తో ముందు 34, వెనక 38 చాలు. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో 4 తగ్గించొచ్చు. గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగిరి పక్కకి జారుతుంది.

బుల్లెట్_బాబు:
రేక్ గురించి నా మాట ఎవరూ ఒప్పుకోలేదు, సరే.

మొరం_బాట:
బ్యాగ్ తీశా, సగం తగ్గింది. పై మూత నిజంగానే గొట్టానికి తగులుతోంది. థాంక్స్ అందరికీ.

గేర్_వైర్:
గాలి?