గీజరు పోయింది, గోడ చెమ్మగిల్లింది: ఖర్చు ఎవరిది?

ప్రశ్న (వేళచ్చేరి నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. మా వారి ఉద్యోగం కోసం చెన్నై వచ్చి వేళచ్చేరిలో రెండు పడకగదుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. రెండో అంతస్తు మాది, కింద ఓనరు గారి కుటుంబం. అద్దె 22 వేలు, అడ్వాన్సు లక్షన్నర ఇచ్చాం.

ఈ మధ్య అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. వంటింటి కుళాయి కట్టినా కారుతూనే ఉంది. గీజరు వేస్తే ట్రిప్ అవుతోంది. కిటికీ దోమతెర చిరిగింది. అన్నిటికంటే పెద్దది, పడకగది గోడకు బాత్రూం వైపు చెమ్మ వచ్చి రంగు పొక్కులు పొక్కులుగా లేస్తోంది. ఓనరు గారిని అడిగితే, ‘ఉండేది మీరు, వాడేది మీరు, బాగు చేయించుకోవలసింది కూడా మీరే. లేదంటే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో పట్టుకుంటాను’ అన్నారు. ఒప్పందంలో ‘ఇంటిని మంచి స్థితిలో ఉంచవలెను’ అని ఒకే ఒక్క ముక్క ఉంది. ఇందులో మేం భరించాల్సింది ఏది, వారు భరించాల్సింది ఏది?

జవాబు (పెరంబూరు)

అమ్మా, నేను ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయింది. చెన్నైలో చాలా అద్దె ఇళ్లు మారాను. చట్టం సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను పని సంగతి చెబుతాను.

కుళాయి వాషరు అరిగిపోవడం, మోరీ మూసుకుపోవడం, స్విచ్చు కాలిపోవడం, తలుపు గడియ ఊడిపోవడం, ఇవన్నీ వాడకంతో వచ్చేవి. వీటి కోసం ఓనరు గుమ్మం ఎక్కితే మాట పడటం తప్ప లాభం లేదు. వాషరు ఖర్చు ఎంతని! దోమతెర కూడా ఆ లెక్కే.

గీజరు దగ్గర జాగ్రత్త. ట్రిప్ అవుతున్నప్పుడు మళ్లీ మళ్లీ వేసి చూడకండి. బోరు నీళ్లలో ఉండే సున్నం వేడికి కాయిల్ మీద గట్టిగా పేరుకుంటుంది. ఆ పొర కింద కాయిల్ మరీ వేడెక్కి పగులుతుంది, లోపలికి నీరు చేరి కరెంటు బయటికి పాకుతుంది. మెకానిక్ కాయిల్ బయటికి తీసినప్పుడు పక్కన ఉండి చూడండి. సుత్తితో తడితే తెల్లటి పెచ్చులు రాలతాయి. అదే సమయంలో లోపల ఉండే మెగ్నీషియం రాడ్డు కూడా అరిగిందేమో చూడమనండి. అది తాను కరిగిపోతూ ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే రాడ్డు. చాలామంది మెకానిక్‌లు అడిగితే తప్ప దాని జోలికి పోరు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా చూపించుకోండి.

ఇక గోడ. కారణం తెలియకుండా ఎవరి ఖర్చని వాదించుకోవడం దండగ. మీకు రెండు బాత్రూములు ఉంటే, చెమ్మ గోడ వెనక ఉన్నదాన్ని మూడు రోజులు వాడకుండా పొడిగా వదిలేయండి. పొక్కుల చుట్టూ పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. చెమ్మ వెనక్కి తగ్గితే నీళ్లు నేల మీది టైల్సు సందుల నుంచో, నహానీ ట్రాపు (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ గుంట) దగ్గర నుంచో దిగుతున్నట్టు. వాడకపోయినా గీత దాటి పాకుతుంటే గోడలోపలి పైపు కారుతున్నట్టు, ఎందుకంటే అందులో ట్యాంకు నీళ్ల ఒత్తిడి రాత్రింబవళ్లు ఉంటుంది.

పనిలో పనిగా ఫ్లష్ ట్యాంకులో కాస్త పసుపు కలిపి వదిలేయండి. మీరు నొక్కకుండానే కమోడ్‌లోకి పచ్చరంగు దిగితే అక్కడా వాషరు పోయినట్టే. మోటారు ఊరికే ఎందుకు తిరుగుతోందని కింద నుంచి రోజూ వినే మాట కూడా ఆగిపోతుంది.

జవాబు (న్యాయవాది, ఎగ్మూరు)

తమిళనాడులో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇప్పుడు లేదు. దాని స్థానంలో 2017లో ఇంటి యజమానులు, అద్దెదారుల హక్కులు, బాధ్యతల చట్టం చేశారు. అది 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. ఎవరు ఏ మరమ్మతు చేయించాలో దాని రెండో షెడ్యూలులో విడివిడిగా రాశారు. ఒప్పందంలో వేరుగా రాసుకుని ఉంటే తప్ప ఆ షెడ్యూలే లెక్క. మీ ఒప్పందంలోని ఒక్క ముక్కతో అంతా మీ నెత్తిన పడదు.

ఇంటి యజమాని వంతు: కట్టడానికి సంబంధించిన మరమ్మతులు (అద్దెదారు చేసిన నష్టం అయితే కాదు), గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, అవసరమైనప్పుడు నీటి పైపులు మార్చడం, కరెంటు వైరింగు.

అద్దెదారు వంతు: కుళాయిలు, వాషర్లు, మోరీ శుభ్రం చేయించడం, కమోడ్, వాష్ బేసిన్, గీజరు మరమ్మతులు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, గడియలు, దోమతెరలు, పగిలిన అద్దాలు, మీరు వాడుకునే తోట లేదా ఖాళీ స్థలం.

అంటే మీ నాలుగింటిలో మూడు మీవే. గోడ మాత్రం కారణాన్ని బట్టి. పైపు కారితే అది వారిది. మీరు మేకు కొడుతూ పైపును పొడిచి ఉంటే మీది.

అడ్వాన్సు గురించి. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని చట్టం అంటుంది. మీ విషయంలో అది 66 వేలు. పది నెలల అడ్వాన్సు అడిగే పాత అలవాటు ఇక్కడ ఇంకా పోలేదు. ఖాళీ చేశాక న్యాయంగా పట్టుకోవలసింది పట్టుకుని, నెలలోగా మిగతాది తిరిగివ్వాలి. మీ ఒప్పందం రెంట్ అథారిటీ (అద్దె ఒప్పందాలు నమోదు చేసే ప్రభుత్వ అధికారి) దగ్గర నమోదైందా? కాకపోతే ముందు ఆ పని చూడండి.

వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. 2017 చట్టంలో అద్దెదారుకు మరో బాధ్యత కూడా ఉంది. ఇంటికి లోపం వచ్చినట్టు తెలిస్తే యజమానికి తెలియజేయాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు.

జవాబు (అంబత్తూరు, ఇల్లు అద్దెకిచ్చినవారు)

వకీలు గారి చివరి మాటను నేను పెద్ద అక్షరాల్లో రాసి పెట్టమంటాను. మా పై వాటాలో ఇంతకుముందు ఉన్నవాళ్లు బాత్రూం మూల నీళ్లు దిగుతున్నా ఒక్క మాట చెప్పలేదు. చెబితే రిపేరు ఖర్చు తమ మీద పెడతామని భయం. మా కింది వాటా సీలింగు పెచ్చు ఊడి మంచం మీద పడ్డాక తెలిసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. ఫోనులో ఒక్క ఫొటో పంపితే ఆ రోజే మేస్త్రీని పిలిచేవాణ్ణి.

అద్దెకు ఉండేవాళ్లు ఇంకో మూడు పనులు చేయకుండా ఉంటే మా ప్రాణం హాయిగా ఉంటుంది. వేయించిన నూనె సింకులో ఒంపడం, టైల్సు మీది తెల్ల మరకలు పోవాలని యాసిడ్ పోయడం (టైల్సు మధ్య సిమెంటును తినేసేది అదే, ఆ తరువాత నీళ్లు అక్కడ నుంచే దిగుతాయి), నీళ్లు పోయే దారి లేని బాల్కనీలో వాషింగ్ మెషీన్ పెట్టడం.

గీజరు కాయిల్ అద్దెదారే మార్పించుకోవాలి, ఒప్పుకుంటాను. ట్యాంకే తుప్పు పట్టి కారితే మాత్రం కొత్తది నేనే కొంటాను. పదేళ్ల నాటి గీజరుకు నిన్న వచ్చినవాళ్ల చేతి చమురు వదిలించడం ధర్మం కాదు.

జవాబు (బెంగళూరు, మారతహళ్లి)

ఇక్కడ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె కోసుకోవడం రివాజు. గోడలు అద్దంలా ఉన్నా సరే. మీ ఒప్పందంలో అలాంటి ముక్క ఉందేమో చూసుకోండి.

న్యాయవాది (ఎగ్మూరు)

కర్ణాటక చట్టం వేరు, అలవాటు వేరు. ఇక్కడ అలా రాసి సంతకం చేసి ఉంటే కట్టక తప్పదు. రాయకపోతే గోడల సున్నం యజమాని వంతే.

మళ్లీ ప్రశ్న (వేళచ్చేరి)

అందరికీ కృతజ్ఞతలు. ఆ బాత్రూం మూడు రోజులు మూసిపెట్టాం. చెమ్మ పెన్సిలు గీత దాటి జానెడు పాకింది. ప్లంబర్ వచ్చి ఆ బాత్రూం వాల్వు కట్టేసి ఉంచితే పాకడం ఆగింది. గీజరుకు వెళ్లే పైపు జాయింటు దగ్గర కారుతోందట. ఓనరు గారికి ఫొటోలు చూపించాం. పైపు మార్పిస్తానన్నారు గానీ పడకగది గోడకు రంగు మాత్రం మమ్మల్నే వేయించుకోమంటున్నారు. ప్లంబర్ చూసి వెళ్లినందుకు ఇచ్చిన డబ్బు కూడా మాదేనట. మరీ సాగదీస్తే మోటారు ఆపేస్తారేమోనని మా వారు భయపడుతున్నారు.

న్యాయవాది (ఎగ్మూరు)

నీళ్లు, కరెంటు ఆపడానికి వారికి హక్కు లేదు. ఆ చట్టంలోనే స్పష్టంగా ఉంది, రెంట్ అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కానీ మాట ఇంకా అంతదూరం పోలేదు కాబట్టి మీరే తీసుకుపోకండి.

రంగు పాడైంది పైపు కారినందుకు, పైపు వారిది. కాబట్టి రంగూ వారిదే. ప్లంబర్ డబ్బు సంగతి పట్టుబట్టకండి, కారణం తేలడానికి అది మీకే పనికొచ్చింది. మర్యాదగా ఒక సందేశం పంపండి: ‘ఫలానా తేదీన చెమ్మ గమనించాం, ప్లంబర్ చూసి పైపు జాయింటు కారుతోందన్నారు, దయచేసి మరమ్మతూ ఆ గోడకు రంగూ చేయించగలరు. కుళాయి, గీజరు కాయిల్, దోమతెర మేమే బాగు చేయించుకుంటున్నాం.’ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మీ వంతు మీరు చేశారని రాతలో పడుతుంది.

వారు ఎంతకూ చేయించకపోతే నోటీసు ఇచ్చి మీరే చేయించి అద్దెలో తగ్గించుకోవచ్చు. కానీ ఏ నెలలోనూ సగం అద్దెకు మించి తగ్గించకూడదు. బిల్లులు దాచుకోండి. పనివాళ్లను తీసుకుని వారు లోపలికి రావాలంటే 24 గంటల ముందు మీకు తెలియజేయాలి. రిపేరు కోసం వస్తామంటే మాత్రం ఈ సెక్షన్ పట్టుకుని కూర్చోకుండా తలుపు తీయండి.

పెరంబూరు

రంగు ఎవరు వేయించినా వెంటనే వేయించనివ్వకండి. పైపు బాగయ్యాక గోడ లోపలి తడి ఆరడానికి వారాలు పడుతుంది, అందులోనూ మన చెన్నై గాలిలో. ఉబ్బిన రంగు గీకేసి, ఫ్యాను పెట్టి ఆరనివ్వండి. తడి మీద పుట్టీ పెడితే మళ్లీ పొక్కుతుంది, ఆ తప్పు మీ మీదికి వస్తుంది.

దోమతెరకు వెల్క్రో రకం (జిగురు పట్టీతో అతికించేది) తీసుకోండి. చట్రానికి మేకులు కొట్టనక్కర్లేదు, ఉతుక్కోవచ్చు. ఇల్లు మారినప్పుడు ఆ జిగురు పట్టీని గబుక్కున లాగకండి, కిటికీ రంగు ఊడి వస్తుంది. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేస్తూ మెల్లగా తీస్తే సరిపోతుంది.