కావలిలో రిజిస్ట్రేషన్, చెన్నైలో బ్యాంకు, మధ్యలో సంక్రాంతి

అంబత్తూరు నెల్లూరోడు (జనవరి 9, 2026):
అన్నలూ, ఒక టెన్షన్. పన్నెండేళ్లుగా అంబత్తూరులో ఉద్యోగం, జీతం ఖాతా ఇక్కడి బ్రాంచిలోనే. కావలి దగ్గర ముప్పై అంకణాల స్థలం కొంటున్నా. 19 సోమవారం పొద్దున రిజిస్ట్రేషన్. అమ్మే పెద్దాయనకి డెబ్బై దాటాయి. "ఫోన్లో పడే డబ్బు నాకొద్దబ్బాయ్, డీడీ తీసుకురా" అంటాడు, అంటే బ్యాంకులో ఆయన పేరున తీసే డిమాండ్ డ్రాఫ్ట్. 8 లక్షల 40 వేలు. 17 మూడో శనివారమే కదా, ఆ రోజు డీడీ తీసుకుని రాత్రికి బండెక్కుదామనుకున్నా. ఇవాళ బ్రాంచిలో అడిగితే 15 నుంచి 18 దాకా మూతే అన్నారు. కావలిలో బావమరిదేమో శనివారం బ్యాంకు ఉంటుంది బావా అంటున్నాడు. ఎవరిది నిజం?

పాత కౌంటర్ మనిషి:
ఇద్దరిదీ నిజమే నాయనా. బ్రాంచి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం సెలవులే. రిజర్వ్ బ్యాంకు సైట్లో చెన్నై లిస్టు వేరు, విజయవాడ లిస్టు వేరు, హైదరాబాద్‌ది ఇంకొకటి. చెన్నైలో 15 పొంగల్, 16 తిరువళ్లువర్ దినం, 17 ఉళవర్ తిరునాళ్, 18 ఆదివారం. రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం. నీకు మిగిలింది 12, 13, 14. భోగి రోజు దాకా లాగొద్దు, సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. డీడీ 3 నెలలు చెల్లుతుంది కాబట్టి ముందే తీసుకున్నా నష్టం లేదు.

కావలిలో మీ బ్యాంకు బ్రాంచి ఉంటే అక్కడా అడగొచ్చుగానీ, ఇంత మొత్తానికి హోం బ్రాంచికే వెళ్లమంటారు.

ఒక్కటి మరిచిపోకు. పెద్దాయన పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తెప్పించుకో. అందులో పేరు ఎట్లా ఉంటే డీడీ మీద అట్లాగే ఉండాలి. ఉగాది ముందు రోజు మా కౌంటర్లో ఒకాయన డీడీ తీసుకుని చూసుకోకుండా జేబులో పెట్టుకెళ్లాడు. రావు అని ఉండాల్సింది రెడ్డి అని పడింది. తప్పు మాదే. రద్దు చేసి కొత్తది ఇవ్వాలంటే మా బ్రాంచికే రావాలి, పండగకి తలుపులు మూసున్నాయి. ఆ రిజిస్ట్రేషన్ వారం వాయిదా పడింది. నేను తిన్న తిట్లు ఇక్కడ రాయను.

గుంటూరు కారం:
డీడీ ఎందుకన్నా ఈ రోజుల్లో? ఆర్టీజీఎస్, అదే పెద్ద మొత్తాలు ఖాతా నుంచి ఖాతాకి పంపే పద్ధతి, 2020 డిసెంబర్ 14 నుంచి పండగలైనా ఆదివారమైనా నడుస్తుంది. దస్తావేజులో డీడీ నంబరు బదులు, డబ్బు పంపినప్పుడు వచ్చే యూటీఆర్ నంబరు రాస్తారు, అంతే.

పాత కౌంటర్ మనిషి:
నిజమే, పెద్దాయన ఒప్పుకుంటే అదే నయం. కానీ నెట్ బ్యాంకింగ్‌లో ఆయన ఖాతా కొత్తగా చేర్చాక మొదటి 24 గంటలు చాలా బ్యాంకులు పెద్ద మొత్తం పంపనివ్వవు. నీ నెట్ బ్యాంకింగ్ పరిమితి 5 లక్షలే ఉందేమో కూడా చూసుకో. పెంచడానికి బ్రాంచికి పొమ్మంటే మళ్లీ మొదటికే వస్తావు. ఇవాళే ఆయన ఖాతా చేర్చి ఒక్క రూపాయి పంపి చూడు.

అంబత్తూరు నెల్లూరోడు (జనవరి 13):
రూపాయి పంపా. పెద్దాయన ఫోన్ చేసి "ఈ రూపాయి ఎందుకు పంపినావబ్బాయ్, మిగతాది ఏదీ" అన్నాడు. లాభం లేదని ఇవాళ మధ్యాహ్నం సెలవు పెట్టి డీడీయే తీసుకున్నా. కౌంటర్ దగ్గరే నిలబడి పేరు అక్షరం అక్షరం చదివా, వెనకాయన విసుక్కున్నాడు. ఇప్పుడది మా ఆవిడ పట్టుచీర మడతలో ఉంది, బీరువా తాళం కూడా ఆవిడ దగ్గరే.