ఆమ్లం పోస్తే పీహెచ్ 8 వస్తోందేంటి?

ప్రశ్న: 10⁻⁸ మోలార్ (అంటే లీటరుకు 10⁻⁸ మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని చెప్పే సంఖ్య) కట్టాలి. సూత్రంలో (పీహెచ్ = −log[హైడ్రోజన్ అయాన్ల గాఢత]) వేస్తే 8 వచ్చింది. కొట్టేసి మళ్లీ చేశా, మళ్లీ అదే 8! ఆమ్లం కలిపితే నీళ్లు క్షారమైపోతాయా?

జవాబు: అవ్వవు. మీరు నీళ్లనే మర్చిపోయారు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వచ్ఛమైన నీళ్లలోనే 10⁻⁷ మోలార్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయి. మీరు పోసిన ఆమ్లం అందులో పదో వంతు. మా లెక్చరర్ దీనికి నాకు సున్నా వేశారు, అందుకే గుర్తుండిపోయింది.

ప్రశ్న అడిగినవారు: ఓహో! రెండూ కూడితే 1.1×10⁻⁷, అంటే పీహెచ్ 6.96. సరేనా?

జవాబు: దాదాపు. ఆమ్లం చేరగానే నీటి అణువులు అయాన్లుగా విడిపోవడం కాస్త తగ్గుతుంది. హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల లబ్ధం 10⁻¹⁴ దాటకూడదుగా. వర్గ సమీకరణం వేసి చూడండి, 6.98 వస్తుంది.

ఇంకొకరు: 10⁻³ లాంటి గాఢతలకైతే ఈ తంటా అక్కర్లేదు, సూత్రం చాలు.