నార్వే రంగు పూసిన జర్మన్ ఎం40 హెల్మెట్: పైపూత గీకాలా, వదిలేయాలా?

ఉక్కుడిప్ప:
1945 మేలో జర్మన్ సేన లొంగిపోయాక నార్వేలో వదిలేసిన ఎం40 (1940 నమూనా) లాంటి హెల్మెట్లను అక్కడి సైన్యమూ, పౌర రక్షణ దళమూ వాడుకున్నాయి. బ్రష్‌తో కొత్త రంగు పూశారు, చాలావాటికి లోపలి తోలు మార్చారు. వాటిమీద పైపూత గీకితే 1940 నాటి గరుకు బూడిద రంగు, అదృష్టం ఉంటే ఎడమ పక్కన సైన్యపు గద్ద డెకాల్ (అతికించిన బొమ్మ) బయటికొస్తాయి. తీయాలనే నా వాదన. ఫ్యాక్టరీలో వేడికి ఆరబెట్టిన పూత ఆ వస్తువుది. పైరంగు తర్వాతెవరో పూసింది. అడుగున అసలుది ఉందని తెలిసీ దాన్ని కప్పి ఉంచడం ఎందుకు?

గరుకుపూత:
ఉక్కుడిప్ప గారూ, గీకకముందు చూడాల్సింది ఒకటుంది. పైపూత అంతా నార్వేదే అనుకోవద్దు. కుడివైపు నలుపు-తెలుపు-ఎరుపు డాలు గుర్తును 1940లో తీసేయమన్నారు, ఎడమవైపు గద్దను 1943 ఆగస్టు 28న ఆపేశారు. పాత ఎం35ల (1935 నమూనా) మీద ఆ ఉత్తర్వుల తర్వాత జర్మన్ డిపోలే మళ్లీ రంగు వేశాయి. అది యుద్ధకాలపు పూత. దాన్ని గీకితే మీరు వెతుకుతున్న చరిత్రనే పారేసినట్టు.

విడదీసి చూడటానికి ముందు డిప్ప, అంటే హెల్మెట్ ఉక్కు భాగం, ఏదో తేల్చండి. గాలి రంధ్రానికి విడిగా బిగించిన చిన్న గొట్టం ఉండి, అంచు లోపలికి మడిచి ఉంటే ఎం35. అదే మడత అంచుతో రంధ్రం డిప్పలోనే అచ్చుకొట్టి ఉంటే ఎం40. అంచు మడత లేకుండా బయటికి విచ్చుకుని ఉంటే 1942 ఆగస్టు తర్వాతి ఎం42. తర్వాత లైనర్‌ను, అంటే లోపలి తోలు పట్టీని, డిప్పకు బిగించే మూడు పిన్నులు చూడండి. రంగు పిన్ను తల మీదుగా పారి డిప్పకు అతుక్కుని, ఎక్కడా చిట్లకుండా ఉంటే, ఆ రంగు పడ్డాక పిన్ను కదల్లేదు. తల చుట్టూ రంగు పగిలి, లోపల వంచిన పిన్ను కాళ్ల దగ్గర మెరుపు గీతలుంటే ఎవరో విప్పారు. మీరూ విప్పాలనుకోకండి. ఆ కాళ్లు ఒకసారి వంచి తీశాక రెండోసారి వంపు దగ్గర తెగొచ్చు.

లైనర్ పట్టీ మీద 64 ఎన్.ఎ. 57 లాంటి ముద్ర ఉంటుంది: మొదటిది డిప్ప సైజు, ఎన్.ఎ. అంటే కొత్త రకం, చివరిది తల కొలత. డిప్ప లోపల ఎడమ అంచున ఈటీ64 అని ఉండి పట్టీ మీద 66 ఉంటే, ఆ పట్టీ ఇంకో హెల్మెట్‌ది. ఆ అక్షరాలు ఫ్యాక్టరీ గుర్తులు: ఈటీ అంటే థాలే, క్యూ అంటే ఎస్లింగెన్‌లోని క్విస్ట్, ఎస్‌ఈ అంటే లౌటర్. వెనక అంచున ఉన్న నంబరు ఉక్కు లాట్‌ది (ఒకేసారి తయారైన బ్యాచ్‌ది), సైనికుడిది కాదు. దాన్ని రెజిమెంట్ నంబరని చెప్పి అమ్మేవాళ్లున్నారు.

ఉక్కుడిప్ప:
విప్పను, అది ఒప్పుకుంటాను. బ్రష్ గీతలు స్పష్టంగా కనబడే నార్వే పూత సంగతే అడుగుతున్నాను. దాన్ని తీసే పద్ధతి చెప్పండి.

తోలుపట్టీ:
చెప్తానుగానీ, ఇదంతా తిరిగి రాని పని. హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ అస్సలు వద్దు. అది పొరను పొరగా చూడదు, ఉక్కు దాకా లేపుతుంది. ఎసిటోన్ కూడా డెకాల్ ఉండే చోట వద్దు, దాని మీది లాకర్ కరిగితే గద్ద రంగు మరకలా పారుతుంది. తీగ బ్రష్, ఇసుక కాగితం మాట ఎత్తవద్దు: గరుకు పూత శిఖరాలు తెగి నున్నగా మెరుస్తుంది. కొన్నవాడికి ఆ మెరుపే మొదట కనపడుతుంది.

వెనక అంచు కింద ఒక సెంటీమీటరు చదరంలో మొదలెట్టండి. దూది పుల్ల మీద వైట్ స్పిరిట్ అద్ది కొద్దిసేపు ఉంచి, వెదురు పుల్లతో పక్కకు తోయండి. పైపూత మెత్తబడకపోతే అక్కడితో ఆగండి, ఇంకా ఘాటు ద్రావకానికి వెళ్లొద్దు. దూదికి బూడిద రంగు అంటితే కింది పొర వస్తోందన్నమాట, అప్పుడూ ఆపాలి. ఆనాటి రంగుల్లో సీసం ఉండొచ్చు, పొడి గీకుడు వద్దు, చేతి తొడుగులు తప్పవు. తోలుకు నూనె పట్టించవద్దు. అది పెళుసుదనం తీర్చదు, నల్లగా చేసి బూజుకు చోటిస్తుంది. విశాఖ లాంటి తేమ ఊళ్లలోనైతే మూత గట్టి డబ్బా, అందులో సిలికా జెల్, నెలనెలా చూపు.

తెల్లరేఖ:
పద్ధతి బాగానే ఉంది. నా అభ్యంతరం పద్ధతి మీద కాదు. 1940 ఏప్రిల్ 9 నుంచి 1945 మే 8 దాకా జర్మన్ సేన నార్వేను ఆక్రమించుకుని ఉంది. ఆ రంగు, విముక్తి పొందిన దేశం తన మీద స్వారీ చేసిన సేన టోపీకి పూసింది. దాన్ని గీకేసి గద్దను మళ్లీ పైకి తెస్తే, ఆ హెల్మెట్ జీవితంలో అత్యంత గొప్ప ఘట్టాన్ని మనమే తుడిచేస్తున్నాం. ధర గద్దకే ఎక్కువ, నిజమే. ఆ ధర కోసమే గీకుతున్నామని ముందు మనతో మనం ఒప్పుకుందాం.

ఇంకో సంగతి. గద్ద పట్టుకున్న స్వస్తిక మన గుమ్మాల మీది పసుపు స్వస్తిక కాదు. చూడటానికి వచ్చిన పిల్లలకు ఆ తేడా చెప్పకుండా గాజు పెట్టెలో పెట్టడం తప్పు. జర్మనీలో శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ కింద దాన్ని బహిరంగంగా చూపకూడదు, చరిత్ర బోధన లాంటి వాటికి మినహాయింపు ఉంది. అక్కడి అమ్మకందార్లు ఫొటోల్లో దాన్ని కప్పి పెట్టేది అందుకే.

గరుకుపూత:
తెల్లరేఖ గారి వాదనకు ఒక సాంకేతిక కారణం కూడా కలపాలి. పైపూత కింద ఉన్న డెకాలే నమ్మదగిన డెకాల్. 1945 తర్వాతి రంగు కింద నక్కిన దాన్ని నిన్న మొన్న అతికించారని ఎవరూ అనలేరు. పూర్తిగా గీకేశాక ఆ సాక్ష్యం పోయింది, మీ అసలు డెకాలు కూడా నకిలీలతో ఒకే వరసలో నిలబడుతుంది. అతినీల కాంతి కింద కొత్త రంగుల్లో కొన్ని మెరుస్తాయి గానీ, మెరవనంత మాత్రాన పాతదని కాదు.

అన్నట్టు, మనవాళ్లకు ‘సుభాష్ బోస్ ఇండియన్ లీజియన్ హెల్మెట్’ అని చెప్పి అంటగట్టేవాళ్లను నమ్మకండి. ఆ లీజియన్‌కు, అంటే జర్మన్ సేనలోని భారతీయుల 950వ రెజిమెంటుకు, దూకే పులి చిహ్నం ఉండేది చేతి మీద, సిక్కు సైనికులు తలపాగా కట్టుకునేవారు. మామూలు డిప్పను చూసి ఆ రెజిమెంటుదని తేల్చే దారి లేదు.

ఉక్కుడిప్ప:
సాక్ష్యం మాట నన్ను ఆపింది. అయితే పూర్తిగా వదిలేయడం దగ్గర ఇంకా ఒప్పుకోను. డెకాల్ ఉండే చోట పై అంచు కాస్త మాత్రమే తెరిచి, మిగతా గద్ద నార్వే రంగు కిందే ఉంచి, ప్రతి దశకూ స్కేలు పెట్టి ఫొటో తీస్తే రెండూ నిలుస్తాయి కదా?

తోలుపట్టీ:
నిలుస్తాయి, మీరు తెరిచే ఆ కిటికీ అంచు నిటారుగా కోయకపోతే. నిటారు అంచు కింద తేమ చేరి పైపూత లేస్తుంది. పుల్లతో అంచును వాలుగా దిగనీయండి, ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం (లోహానికి తేమ తగలకుండా రాసేది) పలచగా ఒక పూత.

తెల్లరేఖ:
ఆ కిటికీ కూడా తెరవకుండా ఉంచడమే నాకిష్టం. తెరిస్తే మాత్రం అమ్మేటప్పుడు ఆ ఫొటోలన్నీ హెల్మెట్‌తో పాటే వెళ్లాలి.