కీ ఇంట్లోనే ఉండగా కారు ఎలా పోతుంది? కీలెస్ కారు భద్రతపై సందేహం

పటమట ప్రయాణికుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో ఉంటున్నాము. ఈ మధ్యనే పుష్ బటన్ స్టార్ట్ ఉన్న కారు కొన్నాము. కీ జేబులో ఉంటే చాలు, హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే తలుపు తెరుచుకుంటుంది. సదుపాయం బాగానే ఉంది గానీ, యజమాని కీ ఇంట్లోనే ఉండగా ఇద్దరు మనుషులు వచ్చి క్షణాల్లో కారు తోలుకుపోయిన వీడియో ఒకటి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చినప్పటి నుంచి ఇంట్లో అదే చర్చగా ఉంది. మా కీ వీధి తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతుంది. కారు దాదాపు దాని కిందే, పార్కింగ్‌లో ఉంటుంది. సిగ్నల్‌ను బయటికి పోనివ్వని పౌచ్ కొంటే సరిపోతుందని కొందరు, అది దండగని మరికొందరు అంటున్నారు. షోరూమ్ వారేమో అలారం, జీపీఎస్ అంటూ పెద్ద జాబితా చదివారు. అసలు ప్రమాదం ఎక్కడ ఉన్నదో, ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలో తెలిసినవారు వివరించగలరని మనవి.

గుంటూరు లెక్చరర్:

మీరు చూసిన వీడియోలోది బహుశా రిలే పద్ధతి. హ్యాండిల్‌ను తాకగానే కారు 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక సంకేతం పంపుతుంది. అది ఒకటి రెండు మీటర్లకు మించి పోదు కనుక, దానికి బదులు వచ్చిందంటే కీ పక్కనే ఉన్నట్టు కారు లెక్క. కీ ఇచ్చే బదులు మాత్రం సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అది చాలా దూరం పోగలదు. దొంగల్లో ఒకడు కారు దగ్గర నిలబడి మొదటి సంకేతాన్ని పట్టుకొని, మీ గుమ్మం దగ్గర యాంటెన్నాతో నిలబడిన రెండవవాడికి చేరవేస్తాడు. గోడకు ఇవతల ఉన్న మీ కీ, కారే పిలుస్తున్నదనుకొని బదులు పలుకుతుంది. ఇందులో రహస్య కోడ్‌ను ఎవరూ ఛేదించలేదు, కవరు చించకుండా ఉత్తరాన్ని మోసుకుపోయినట్టుగా ఉన్నదాన్ని ఉన్నట్టు చేరవేశారు, అంతే. అందువల్ల ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా ఇక్కడ అక్కరకు రాదు. 2011లోనే జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 కంపెనీలకు చెందిన 10 కార్ల మీద ఈ పద్ధతి పనిచేస్తుందని చూపించారు. పైగా, నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోతే ప్రాణాపాయం కనుక, ఒకసారి స్టార్ట్ అయిన కారు కీ దూరమైనా హెచ్చరిక చూపిస్తుందే తప్ప ఆగదు.

కాబట్టి ముందుగా ఆ కొక్కేన్ని వీధి తలుపుకు దూరంగా మార్చండి. దానికి పైసా ఖర్చు లేదు. పౌచ్ దండగ కాదు గానీ పరీక్షించకుండా నమ్మవద్దు. కీని అందులో పెట్టి, పౌచ్‌ను చేతిలోనే ఉంచుకొని కారు హ్యాండిల్‌ను తాకండి. తలుపు తెరుచుకుంటే ఆ పౌచ్ పనికిరానట్టే. మడత దగ్గర లోపలి లోహపు పొర చిట్లిపోతుంది కనుక ఈ పరీక్ష అప్పుడప్పుడూ మళ్ళీ చేయాలి. మా ఇంట్లో మూత బిగువుగా పడే స్టీలు పోపుల డబ్బా ఈ పరీక్ష నెగ్గింది, మూత వదులైన బిస్కెట్ల డబ్బా నెగ్గలేదు. బీరువాలో ఉన్న స్పేర్ కీకి కూడా ఇదే జాగ్రత్త అవసరం. కీని మైక్రోవేవ్ ఓవెన్‌లో దాచమనే సలహాను మాత్రం పట్టించుకోకండి. ఎవరో ఒకరు పాలు వేడి చేద్దామని స్విచ్ వేస్తారు.

ఓనర్స్ మాన్యువల్ ఒకసారి తిరగేయండి. టయోటా మోడళ్లు చాలా వాటిలో లాక్ బటన్‌ను నొక్కి పట్టుకొని అన్‌లాక్ బటన్‌ను రెండుసార్లు నొక్కితే, కీ మీది చిన్న దీపం 4 సార్లు వెలిగి కీ నిద్రలోకి పోతుంది. బ్యాటరీ ఆదా కోసం పెట్టిన ఏర్పాటే అయినా దొంగల విషయంలోనూ అంతే ఉపయోగం. కొన్ని కంపెనీల కీలు కదలిక లేకపోతే వాటంతట అవే ఊరుకుంటాయి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ ఉన్న కొత్త కీలైతే సంకేతం పోయి వచ్చిన కాలాన్ని కొలిచి దూరాన్ని లెక్కకడతాయి. రేడియో తరంగం నానోసెకనుకు సుమారు 30 సెంటీమీటర్లే ప్రయాణిస్తుంది కనుక, మధ్యలో ఎవరైనా మోసుకొచ్చిన సంకేతం ఆలస్యంగా వచ్చినట్టు వెంటనే తేలిపోతుంది.

ఆటోనగర్ వైరింగ్:

లెక్చరర్ గారు చెప్పినదంతా సబబే గానీ, కథ అక్కడితో అయిపోలేదు. కీతో సంబంధమే లేని దారులు రెండున్నాయి, వాటి ముందు ఏ పౌచ్ అయినా ఉత్తదే.

మొదటిది, అద్దం పగలగొట్టి లోపలికి దూరి, స్టీరింగ్ కింద మేము స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టుకు యంత్రం తగిలించి కొత్త కీని నమోదు చేసుకోవడం. రెండవది ఇంకా ముదురు. 2022లో లండన్‌లో ఒక భద్రతా పరిశోధకుడి సొంత టయోటా రావ్4 కారే పోయింది. పోవడానికి ముందు ఎవరో బంపరు లాగి హెడ్‌లైట్ వైర్లను కదిపినట్టు ఆయన గమనించారు, ఆకతాయిల పని అనుకున్నారు. హెడ్‌లైట్ దగ్గరికి వచ్చే క్యాన్ వైర్లకు (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) చిన్న పరికరం తగిలించి, 'సరైన కీ దగ్గర ఉంది' అనే అబద్ధపు సందేశాన్ని కారు లోపలికి పంపే పద్ధతి అది. అలాంటి పరికరాన్ని బ్లూటూత్ స్పీకరు డబ్బాలో దాచి అమ్ముతున్నారని 2023లో బయటపడింది. అందుచేత మీ కారు బంపరు మూల గానీ, హెడ్‌లైట్ పక్క ప్లాస్టిక్ గానీ కారణం లేకుండా ఊడి కనిపిస్తే, క్లిప్పు పెట్టించుకొని ఊరుకోకుండా ఆ రాత్రి నుంచే కారును వేరే చోట పెట్టండి.

నన్ను అడిగితే మొదటి ఖర్చు స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే ఇనుప లాక్ మీద పెట్టాలి. దాన్ని కోయవచ్చు, నిజమే. కానీ చప్పుడవుతుంది, ఆలస్యమవుతుంది, బయటి నుంచే ఎర్రగా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చినవాడు కటింగ్ మెషీన్ మోసుకురాడు. గేర్ లాక్ మంచిదే గానీ, గుండ్రంగా తిప్పే గేర్ నాబ్ ఉన్న ఆటోమేటిక్ కార్లకు అది కుదరదు.

ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే రహస్య స్విచ్ పెట్టించాలనుకుంటే మాత్రం ఆచి తూచి పెట్టించండి. ఫ్యూయల్ పంపు వైరును కత్తిరించి టేపు చుట్టిన పనులు మా దగ్గరికి రిపేరుకు వస్తూనే ఉంటాయి. ఆ జాయింటు వదులైతే వారధి మీద లారీల మధ్యన కారు ఆగిపోతుంది. వైరు కోయకుండా, రిలే (కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్) సాకెట్‌లో కూర్చునే రకమే, అదీ వారంటీ సంగతి కంపెనీ సర్వీసు వారిని అడిగి రాతపూర్వకంగా తెలుసుకున్నాకే పెట్టించండి. జీపీఎస్ దొంగతనాన్ని ఆపదు, పోయిన కారును వెతకడానికి పనికొస్తుంది. ఓబీడీలో గుచ్చే రకమైతే దొంగ ముందు దాన్నే పీకేస్తాడు కనుక, లోపల దాచేది తీసుకోండి.

పటమట ప్రయాణికుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టీరింగ్ లాక్ ఈ రోజే తీసుకుంటాను. ఇన్సూరెన్స్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? కీ దొంగ చేతికి పోకుండానే కారు పోయిందంటే, నిర్లక్ష్యమని క్లెయిము తిరస్కరిస్తారేమోనని భయంగా ఉంది.

బ్రాడీపేట సర్వేయర్:

ముందుగా మీ పాలసీ ఏ రకమో చూసుకోండి. కేవలం థర్డ్ పార్టీ పాలసీకి దొంగతనం వర్తించదు. క్లెయిము సమయంలో కంపెనీలు రెండు కీలనూ అడుగుతాయి. మీలాంటి వారికి అదే బలం, ఎందుకంటే రెండూ మీ దగ్గరే ఉన్నాయంటే కీని కారులో వదిలేశారన్న మాట నిలబడదు. కీ ఒకటి ఎప్పుడైనా పోతే, ఆ రోజే పోలీసులకూ ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేసి, షోరూమ్‌లో పాత కీని రద్దు చేయించి రసీదు దాచుకోండి.

కారు కనపడకపోతే వెంటనే 112కు ఫోన్ చేసి, ఎఫ్ఐఆర్ నమోదు చేయించండి. ఇప్పుడు దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కిందికి వస్తుంది. ఎఫ్ఐఆర్ సకాలంలో ఇచ్చి ఉంటే, కంపెనీకి తెలపడంలో జరిగిన ఆలస్యం ఒక్కటే చూపి క్లెయిము తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అయినా ఆ తీర్పు ఉంది కదా అని కంపెనీకి చెప్పడం వాయిదా వేయకండి. కారు దొరకలేదని పోలీసులు తుది నివేదిక ఇచ్చాక, సాధారణంగా ఐడీవీ (పాలసీలో రాసిన కారు విలువ) మేరకే సొమ్ము వస్తుంది; కొత్త కారు కనుక కొన్న బిల్లు ధర మేరకు ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ యాడ్ ఆన్ ఉందేమో చూడండి. రహస్య స్విచ్ వంటి మార్పు ఏది చేయించినా కంపెనీకి ముందే తెలియజేయండి. ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరానికి ప్రీమియంలో తగ్గింపు ఉంటుంది గానీ, పాత టారిఫ్ ప్రకారం అది ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు మాత్రమే. దాని కోసమని పరికరం కొనడం దండగ.

మరొక్క మాట. ఫాస్టాగ్ సందేశాలు మీరు నిత్యం చూసే ఫోన్‌కే వచ్చేలా ఉంచండి. దొంగ స్టిక్కరు పీకకుండా పోతే కాజ, కీసర, పొట్టిపాడు టోల్‌గేట్లలో ఏది దాటినా డబ్బు కోసుకున్న సందేశం మీకు వస్తుంది, కారు ఏ దిక్కుకు పోయిందో పోలీసులకు వెంటనే చెప్పవచ్చు. ఇదివరకు వాడిన కారు కొన్నవారైతే షోరూమ్ స్కానర్‌తో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూపించమని అడగండి. చేతిలో ఉన్న వాటికంటే ఎక్కువ కనిపిస్తే అన్నీ చెరిపించి, ఉన్నవి మాత్రమే మళ్ళీ ఎక్కించుకోండి.