కౌలు రైతు ఏ వర్గం? మార్క్స్, వెబర్ చెప్పినవి మన డెల్టాకి ఎలా అన్వయించాలి?

కోనసీమ_బీఏ అడిగిన ప్రశ్న

సోషియాలజీ మొదటి సంవత్సరం అండి. సామాజిక స్తరీకరణ పాఠంలో నిర్వచనాలు అర్థమవుతున్నాయి, ఉదాహరణ రాయాల్సి వచ్చినప్పుడే చిక్కు. పుస్తకంలో ఒకవైపు భూస్వామి, ఇంకోవైపు కూలీ. మా రాజోలు, అమలాపురం వైపు ఆ లెక్క కుదరట్లేదు. పొలం పేరున్నాయన హైదరాబాద్‌లో ఉంటారు. సాగు చేసేది కౌలుదారు. ఊడ్పులకి కూలీలను పెట్టేదీ అతనే, తన ఊడ్పులయ్యాక పక్క చేలోకి కూలికి వెళ్లేదీ అతనే. ఇతను ఏ వర్గం? కులాన్ని వెబర్ చట్రంలో ఎక్కడ పెట్టాలి? పాత్ర సంఘర్షణకీ, పాత్ర ఒత్తిడికీ తేడా కూడా ఎవరైనా మన ఊళ్ల ఉదాహరణతో చెబితే మేలు.

రాజమండ్రి_సమాజశాస్త్రం

మొదటి ప్రశ్నకి చెబుతాను, అసలు చిక్కు అక్కడే ఉంది.

మార్క్స్ దగ్గర వర్గం అంటే ఆదాయం ఎంత అన్నది కాదు. ఎకరాలు ఎన్ని అన్నదీ కాదు. భూమి ఎవరిది, పెట్టుబడి ఎవరిది, చాకిరీ ఎవరిది, చివర్లో మిగులు ఎవరి చేతికి పోతుంది? ఈ నాలుగూ అడగాలి. ఎకరం సార్వా (ఖరీఫ్ వరి) తీసుకుని లెక్క వేసి చూడండి. అంకెలు ఊహించినవే, పద్ధతి కోసం. 75 కిలోల బస్తాలు 28 పండాయి, మక్తా (పొలం గలాయనకి ఇచ్చే కౌలు) 12 బస్తాలు. మిగిలింది 16. విత్తనం, దమ్ము, ఊడ్పు, ఎరువు, పురుగుమందు, కోత మిషను, అప్పు మీద వడ్డీ కలిపి 14 బస్తాల విలువ అనుకుందాం. మిగిలింది 2 బస్తాలు. మొగుడూ పెళ్లాం నాలుగు నెలలు గట్ల మీద పడిన చాకిరీకి కూలి ఆ రెండు బస్తాల్లోంచే రావాలి. అంటే పొలం గలాయన చేలో దిగకుండానే మిగులులో పెద్ద భాగం కౌలు రూపంలో తీసుకెళ్లాడు. కౌలుదారు పేరుకే యజమాని, చేతికి వచ్చింది కూలీకి వచ్చేదాని కన్నా తక్కువ కావచ్చు.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పెట్టుబడి గ్రంథం మూడో సంపుటంలో (1894) అసంపూర్తిగా ఆగిపోయిన చివరి అధ్యాయంలో మార్క్స్ మూడు పెద్ద వర్గాలను చెబుతాడు: కూలి మీద బతికేవాళ్లు, లాభం మీద బతికేవాళ్లు, భూమి కౌలు మీద బతికేవాళ్లు. అందులో కౌలుకి తీసుకునేవాడు ఇంగ్లండ్ పెట్టుబడిదారు రైతు. పెద్ద కమతం తీసుకుని, పూర్తిగా కూలీలతో చేయించి, లాభం చూసుకునేవాడు. రెండెకరాల మన కౌలుదారుని తీసుకెళ్లి ఆ గడిలో పెట్టి ‘పెట్టుబడిదారు’ అని రాస్తే తప్పు. అలాగే మన దగ్గర కూడా యాభై ఎకరాల చెరువులు లీజుకి తీసుకుని రొయ్య వేసే ఆక్వా రైతుని ‘పేద కౌలుదారు’ అనకూడదు. భీమవరం, ఆకివీడు వైపు అలాంటివాళ్లు మార్క్స్ చెప్పిన ఆ ఇంగ్లండ్ కౌలుదారుకే దగ్గర.

ఇక మీ కౌలుదారుని ఏ గడిలో పెట్టాలి? రెండు కొలతలు పనికొస్తాయి. ఆర్థికవేత్త డేనియల్ థార్నర్ 1956లో మన దేశంలో నేల మీద బతికేవాళ్లను మాలిక్ (యజమాని), కిసాన్ (రైతు), మజ్దూర్ (కూలీ) అని మూడుగా విభజించాడు. నేల నుంచి వచ్చే ఆదాయం ఏ రకం, నేల మీద హక్కు ఏ రకం, చేలో స్వయంగా ఎంత పని చేస్తారు అన్నవి ఆయన ప్రమాణాలు. కాస్త నిలదొక్కుకున్న కౌలుదారు కిసాన్‌లోకి వస్తాడు, బక్క కౌలుదారు మజ్దూర్‌లోకి పోతాడు. మీ ఉదాహరణలోని మనిషికి ఇది చక్కగా సరిపోతుంది.

రెండోది ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ 1976లో పెట్టిన శ్రమ లెక్క. కుటుంబం బయటినుంచి పెట్టుకున్న కూలి దినాల్లోంచి, తాము బయటికి వెళ్లి చేసిన దినాలు తీసెయ్యాలి. కౌలు రూపంలో చేతులు మారిన శ్రమనీ లెక్కలోకి తేవాలి. వచ్చినదాన్ని సొంత చేలో ఇంటిల్లిపాదీ చేసిన దినాలతో పోల్చాలి. ఊడ్పులకీ, కలుపుకీ కలిపి 40 దినాలు కూలీలను పెట్టి, తాము 60 దినాలు బయట చేస్తే కౌలు కలపకముందే 20 దినాలు ఇచ్చిన వైపు ఉన్నారు. మక్తా కలిపితే ఇంకా కిందికి జారతారు. ‘కూలీలను పెడతాడు కాబట్టి దోపిడీదారు’ అనే తొందరపాటు తీర్పు ఈ లెక్క ముందు నిలవదు.

ఒక చిన్న జాగ్రత్త. మక్తా ముందే ఖరారయ్యే పద్ధతిలో తుఫాను వచ్చి చేను పడిపోతే నష్టం మొత్తం కౌలుదారుదే. పంటలో వాటా పద్ధతిలో నష్టం ఇద్దరూ పంచుకుంటారు. ఉదాహరణ రాసేటప్పుడు ఇది ఏ రకం కౌలో చెప్పకపోతే సగం సమాచారం పోయినట్టే.

శివారు_ఆయకట్టు

పై జవాబులో మార్క్స్ భాగం బాగా చెప్పారు. వెబర్ దగ్గర ప్రశ్నే మారుతుంది, అందుకే కలిపి రాస్తే రెండూ చెడిపోతాయి.

వెబర్ దృష్టిలో వర్గం అంటే మార్కెట్‌లో మనిషికి ఉన్న అవకాశాలు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలలకు మించని ఒప్పందం మీద కౌలుదారుకి కార్డు వస్తుంది, దానికి భూ యజమాని సంతకం కావాలి. పొలం మీద హక్కు అడుగుతాడేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకులో పంట రుణం కష్టం. అప్పుడు ధాన్యం కొనే షావుకారు దగ్గరే అప్పు, కోతయ్యాక ఆయనకే, ఆయన చెప్పిన ధరకే అమ్మకం. రుణంలోనూ అమ్మకంలోనూ బేరమాడే శక్తి లేకపోవడం, ఇదీ వెబర్ చెప్పే వర్గ స్థితి. పాస్‌బుక్ ఉన్న రెండెకరాల రైతూ, లేని రెండెకరాల కౌలుదారూ ఒకే ఎరువు చల్లి ఒకే పంట పండించినా మార్కెట్‌లో ఒక్కచోట నిలబడరు.

సొంతదారుల్లో కూడా తేడా వస్తుంది. కాలువ తల దగ్గర రెండెకరాలు, శివారులో రెండెకరాలు కాగితం మీద సమానమే. దాళ్వాలో (రబీ వరి) వంతులు పెట్టినప్పుడు శివారు బోదెకి (పిల్ల కాలువకి) నీళ్లు ఆలస్యంగా వస్తాయి, ఊడ్పు వెనకబడుతుంది, కోత ఎండల్లోకి, అకాల వానల్లోకి పోతుంది.

కులం సంగతి. వెబర్ వర్గాన్నీ, గౌరవం మీద ఏర్పడే అంతస్తు సమూహాన్నీ, అధికారం కోసం కట్టే పక్షాన్నీ విడదీశాడు. పెళ్లి సంబంధాలు, కలిసి భోజనం, జీవన విధానం, గౌరవం అన్నవి అంతస్తు గుర్తులు. కులాన్ని ఆయన తలుపులు పూర్తిగా మూసేసుకున్న అంతస్తు సమూహంగా చూశాడు. ఒకే ఊళ్లో ఒకే విస్తీర్ణం సాగు చేసే ఇద్దరు కౌలుదారులు వేర్వేరు కులాలవాళ్లయితే మార్కెట్ దగ్గర వర్గం ఒకటే. మక్తా బేరం మాట్లాడటానికి వెళ్లినప్పుడు ఒకరికి కుర్చీ వేసి, ఇంకొకర్ని అరుగు కింద నిలబెట్టి మాట్లాడితే అది అంతస్తు తేడా. ఈ ఒక్క ఉదాహరణతో రెండు భావనలూ విడివిడిగా కనిపిస్తాయి.

సమాజశాస్త్రవేత్త ఆంద్రే బేతే 1965 పుస్తకం ఇందుకే మన వాళ్లకి బాగా పనికొస్తుంది. ఆయన చూసింది తంజావూరు జిల్లాలో ఒక ఊరు, అదీ కావేరి డెల్టాయే, కాలువ కింద వరి. పూర్వం కులం, వర్గం, అధికారం చాలావరకు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి, తర్వాత విడిపోవడం మొదలైంది అన్నది ఆయన వాదన. మీ ఊరికి ఆ ప్రశ్న అడగండి, జవాబు అరువు తెచ్చుకోకండి.

ఆధిపత్య కులం అన్న మాట వాడితే ఎం.ఎన్. శ్రీనివాస్ ప్రమాణాలు చూపాలి: జనసంఖ్య, భూమి, రాజకీయ బలం, చదువు-ఉద్యోగాలు, మరీ కింద కాని ఆచార స్థాయి. ఇది ఊరికీ, ప్రాంతానికీ చెప్పే మాట. కాలువ అవతలి ఊళ్లో వేరే కులం కావచ్చు. డెల్టా మొత్తానికి ఒక కులం పేరు రాసెయ్యడం పెద్ద తప్పు.

వంతుల_నీరు

మూడో దానికి, అంటే పాత్ర సంఘర్షణకీ పాత్ర ఒత్తిడికీ తేడా గురించి, క్లుప్తంగా.

లింటన్ (1936) ప్రకారం అంతస్తు అంటే హక్కులూ బాధ్యతలూ ఉన్న స్థానం, పైన వెబర్ చెప్పిన గౌరవపు అంతస్తు కాదు. వాటిని నడవడికలో పెట్టడం పాత్ర. నీటి సంఘం అధ్యక్షుణ్ణి తీసుకోండి (1997 చట్టం కింద వచ్చిన సంఘాలు). ఆయనకి కాలువ తల దగ్గరే పొలం ఉంది. అధ్యక్షుడిగా వంతు ప్రకారం శివారుకి నీళ్లు వదలాలి, రైతుగా తన ఆకుమడి తడవాలి. రెండు వేర్వేరు అంతస్తుల మధ్య లాగులాట కాబట్టి పాత్ర సంఘర్షణ.

ఇప్పుడు ఆయనకి సెంటు పొలం కూడా లేదనుకోండి. ఇరిగేషన్ ఇంజనీరు తూము దించమంటారు, రైతులు ఎత్తమంటారు, లస్కరు (కాలువ నీళ్లు వదిలే కింది ఉద్యోగి) ఎవరి మాట వినాలని అడుగుతాడు. ఒక్క అధ్యక్ష పాత్రలోనే పడుతున్న ఇబ్బంది ఇది, విలియం గూడ్ 1960లో చెప్పిన పాత్ర ఒత్తిడి. ఇంజనీరు, రైతులు, లస్కరు అందరితో ఒకే అంతస్తు వల్ల పడే సంబంధాల మొత్తాన్ని మెర్టన్ (1957) పాత్రల సముదాయం అన్నాడు. అంతస్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఏది ఏదో తెలిసిపోతుంది.

కోనసీమ_బీఏ

చాలా స్పష్టంగా ఉందండి. ఇంకొక్కటి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు కదా. దాన్ని వర్గ చైతన్యానికి ఉదాహరణగా రాయొచ్చా?

రాజమండ్రి_సమాజశాస్త్రం

నేరుగా రాయొద్దు. మార్క్స్ 1852లో ఫ్రాన్స్ చిన్న రైతుల గురించి రాస్తూ, ఒకే రకం బతుకు ఉన్నా వాళ్ల మధ్య కూడిక లేదు, సంఘటన లేదు, కాబట్టి ఆ మేరకు వాళ్లు వర్గం కాదన్నాడు. ఆ కొలతతో చూస్తే 2011లో కూడిక వచ్చింది. అక్కడివరకు రాయొచ్చు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి 810. సాగు ఖర్చుకి అది చాలదన్న వాదనలో సొంతదారుకీ కౌలుదారుకీ తేడా లేదు.

కానీ మక్తా దగ్గర ఆ ఇద్దరి ప్రయోజనాలు ఎదురెదురు. ఇక కూలీల సంగతి చూడండి. చేను వేయకపోతే వాళ్లకి ఊడ్పుల పని పోయింది. కూలి రేటు పెరగడం రైతుకి ఖర్చు, కూలీకి బతుకు. కాబట్టి ‘ప్రభుత్వం, మార్కెట్ ఎదుట ఉత్పత్తిదారుల సమష్టి చర్య’ అని రాసి, దాని కింద సొంతదారు, కౌలుదారు, కూలీ ముగ్గురికీ ఆ సార్వాలో ఏం పోయిందో ఒక్కో వాక్యం రాయండి. పది మార్కుల ప్రశ్నకి నిర్వచనం మూడు వాక్యాలు చాలు, మిగతా చోటు ఆ ముగ్గురికే ఇవ్వండి.