ఆర్థికశాస్త్రం మేజర్‌గా ఉన్నప్పుడు అంతర్జాతీయ సంబంధాలను మైనర్‌గా తీసుకోవచ్చా?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీలో ఆర్థికశాస్త్రం మేజర్‌గా చదువుతున్నాను. త్వరలో మైనర్ ఎంచుకోవాలి. మా కళాశాలలో ఉన్నవాటిలో అంతర్జాతీయ సంబంధాలు, డేటా సైన్స్ అనే రెండింటి మధ్య ఆలోచిస్తున్నాను. పత్రికల్లో విదేశీ వ్యవహారాల వార్తలను వదలకుండా చదువుతాను కాబట్టి నా మనసు మొదటిదానివైపే ఉంది. డేటా సైన్స్ అయితే ఉద్యోగానికి అక్కరకు వస్తుందని, అంతర్జాతీయ సంబంధాలంటే రోజూ పేపర్లో వచ్చే సంగతులే కదా అని ఇంట్లోవారు అంటున్నారు. పత్రిక చదివి తెలుసుకోలేనిది ఈ మైనర్‌లో ఏముంటుంది? సివిల్స్ రాసే ఆలోచన ఉంది కానీ కేవలం దానికోసమే నిర్ణయం తీసుకోదలచుకోలేదు.

జవాబు (సివిల్స్ అభ్యర్థి, హైదరాబాద్)

సివిల్స్ సంగతి వరకు చెబుతాను. ఇండియన్ ఫారిన్ సర్వీసుకు వెళ్లాలన్నా ఈ సబ్జెక్టు చదివి ఉండాలన్న నిబంధన లేదు, ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మెయిన్స్‌లో జనరల్ స్టడీస్ రెండో పేపరులో భారతదేశం, పొరుగు దేశాలు, అంతర్జాతీయ సంస్థలు వంటి అంశాలు అందరికీ ఉంటాయి. రాజనీతిశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు ఆప్షనల్‌గా తీసుకుంటే ఆ ఆప్షనల్ రెండో పేపరుకు మైనర్‌లో చదివింది నేరుగా ఉపయోగపడుతుంది.

జవాబు (రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం)

అమ్మా, పత్రికలో దొరకనిది ఏమిటన్న మీ ప్రశ్నకు మా జిల్లా సంగతితోనే జవాబు చెబుతాను. 2018 చివర్లో గుజరాత్‌లోని వెరావల్ నుంచి బోట్లపై వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వారిలో ఇరవై మంది వాఘా సరిహద్దు మీదుగా తిరిగివచ్చారు. పట్టుకున్న వార్తా, విడుదల వార్తా రెండూ పత్రికల్లో వచ్చాయి. ఈ రెండింటి మధ్య ఏడాదికి పైగా వాళ్లను జైల్లో ఉంచింది ఏమిటన్నది తెలియాలంటే ఈ శాస్త్రం చదవాలి.

1982 నాటి సముద్ర చట్ట ఒడంబడికను భారత్, పాకిస్తాన్ రెండూ ఆమోదించాయి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలను ఉల్లంఘించిన విదేశీయులకు, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదని అందులోని 73వ అధికరణం చెబుతోంది. తగిన పూచీకత్తు తీసుకుని పడవనూ సిబ్బందినీ త్వరగా విడిచిపెట్టాలని కూడా అదే అధికరణంలో ఉంది. అయినా ఇరు దేశాలూ పరస్పరం మత్స్యకారులను నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిర్బంధిస్తూనే ఉన్నాయి. గుజరాత్, సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయపై వివాదం తేలకపోవడంతో అక్కడ సముద్రంలో ఇరువురూ ఒప్పుకున్న సరిహద్దు రేఖే లేదు. 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు ప్రభుత్వాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశస్థుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, కానీ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన విడుదల కాదు. దానికి పౌరసత్వ నిర్ధారణ జరగాలి, రెండు రాజధానుల మధ్య మాటలు నడుస్తూ ఉండాలి.

చట్టం ఒకటి చెబుతుండగా ఆచరణ మరోలా ఎందుకు ఉంటోంది, బలాబలాలకూ నియమాలకూ మధ్య ఏది ఎప్పుడు నెగ్గుతుంది అన్నదే ఈ చదువులోని అసలు ప్రశ్న. వాస్తవికవాదం (దేశాలను నడిపేది బలమే అనేది), ఉదారవాదం (నియమాలు, సంస్థలతో సహకారం సాధ్యమనేది) వంటి సిద్ధాంతాలను పరీక్ష కోసం బట్టీ పడితే ఏమీ మిగలదు. ఇలాంటి ఒక్క ఉదంతం ముందు పెట్టుకుని చదివితే అవి అర్థవంతంగా కనిపిస్తాయి. మా పిల్లలకు అలా పట్టుబడిన ఎచ్చెర్ల మండలం కుర్రాళ్ల సంగతి చెప్పి ఆ అధికరణం చదివించినప్పుడు తరగతిలో అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

జవాబు (రొయ్యల ఎగుమతి సంస్థ ఉద్యోగి, భీమవరం)

అధ్యాపకుల మాటతో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెప్పదలచుకున్నాను. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ చెరువు గట్టు మీద రైతులు కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి పలికే ధర) ఎంత పడిపోతుందోనని లెక్కలు వేసుకున్నారు. ఆ సుంకం వెనుక మన దేశం రష్యా చమురు కొనడంపై తగవు కూడా ఉందని తెలిసినవాడే, అది వాణిజ్య చర్చలతో మాత్రమే తేలే వ్యవహారం కాదని గ్రహించగలిగాడు. ఆర్థికశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు కలిసి చదివినవారి విలువ అక్కడే. అయితే మీ కళాశాల మైనర్‌లో అంతర్జాతీయ వాణిజ్య రాజకీయాలపైనా, అంతర్జాతీయ చట్టంపైనా పేపర్లు లేకుండా యుద్ధాల చరిత్రతోనే సరిపెడితే నేనైతే డేటా సైన్సే తీసుకోమంటాను. ముందు పేపర్ల జాబితా తెప్పించుకుని చూడండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. జాబితా చూశాను. భారత విదేశాంగ విధానం, అంతర్జాతీయ సంస్థలు, అంతర్జాతీయ చట్టం, దక్షిణాసియా అధ్యయనం ఉన్నాయి, వాణిజ్యంపై విడిగా పేపరు లేదు. ఆ లోటు నా మేజర్‌లోని అంతర్జాతీయ అర్థశాస్త్రం పేపరుతో తీరుతుందా? వీటితోపాటు విదేశీ భాష అవసరమా?

జవాబు (రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు, శ్రీకాకుళం)

చాలావరకు తీరుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో మన ప్రభుత్వం మద్దతు ధరకు చేసే ధాన్య సేకరణపై నడిచిన వాదం, ఆ సేకరణపై ఫిర్యాదులు రాకుండా 2013 బాలి సమావేశంలో కుదిరిన తాత్కాలిక రక్షణ వంటి ఒక అంశాన్ని ప్రాజెక్టుగా తీసుకుంటే మేజర్, మైనర్ రెండూ అక్కడ కలుస్తాయి. పీజీకి వెళ్లి ఒక ప్రాంతంపై పరిశోధన చేయాలనుకుంటే భాష తప్పనిసరి అనే అనుకోండి. ఇప్పుడే అరబిక్, చైనీస్, రష్యన్‌లలో ఏదో ఒకటి మొదలుపెట్టడం మంచిది. డేటా సైన్స్‌లో మీకు కావలసినంత గణాంక పరిజ్ఞానం ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలకు గణాంక పద్ధతులను వర్తింపజేసే శాస్త్రం) పేపరులోనే వస్తుందని ఇంట్లో చెప్పి చూడండి.